షించాన్ చానెల్ లైసెన్స్‌లో ఏం రాసుందంటే

షించాన్, డోరేమాన్, నింజా హట్టోరీ. మన ఇళ్ళల్లో పిల్లలు తెలుగు డబ్బింగ్‌లో చూసి పెరిగిన ఈ ముగ్గురిదీ జపాన్‌లో ఒకటే చానెల్, టీవీ అసాహి. టోక్యోలో రొప్పోంగిలో ఉంటుంది. 1959లో అది మొదలైనప్పుడు పేరు ఇది కాదు, నిప్పాన్ ఎడ్యుకేషనల్ టెలివిజన్ అనేవాళ్ళు, పొట్టిగా ఎన్ఈటీ. అంటే పాఠాలు చెప్పడానికే పెట్టిన చానెల్, లైసెన్స్‌లోనే ఆ షరతు రాసి మరీ ఇచ్చారు.

పాఠాల చానెల్ షించాన్ చానెల్ ఎలా అయిందీ అంటే, మామూలుగా అందరూ చెప్పేది దిగజారిన కథ. చదువు కోసం పుట్టింది, యాడ్స్ డబ్బులకి అమ్ముడుపోయింది, చివరికి పిల్లల్ని పాడుచేసే కార్టూన్లు వేసుకుంటోంది, అంతే. వినడానికి బానే ఉంటుంది, మన దగ్గర కూడా టీవీ గురించి ఇలాగే మాట్లాడతాం. నేను మాత్రం ఒప్పుకోను. ఆ చానెల్ ప్రోగ్రాముల చరిత్ర ఏడాది ఏడాది పట్టుకుని చూస్తే నాకు కనపడింది వేరే, ఆ చానెల్ నిజంగానే చదువు చెప్పింది, ఇప్పటికీ కొంత చెప్తోంది, కానీ లైసెన్స్‌లో చదువు అని రాసిపెట్టిన గంటల్లో కాదు, మిగతా చానెళ్ళు ఇక్కడెవడు చూస్తాడ్రా అని వదిలేసిన గంటల్లో. పొద్దున ఎనిమిదిన్నర, మధ్యాహ్నం ఒంటిగంట దాటాక, సాయంత్రం ఏడుకి పది నిమిషాల ముందు, రాత్రి పది. ఆ గంటల్ని పట్టుకుని ఏళ్ళ తరబడి కూర్చోవడమే దాని గొప్పతనం. ఆ ఓపిక పోయిన చోట అది నిజంగా దిగజారింది, అది కూడా చెప్తాను.

ముందు ఆ లైసెన్స్ సంగతి. 1957లో జపాన్‌లో టీవీ అంటే అందరికీ పిచ్చి, అందరికీ భయం కూడా. ఓయా సోయిచి అనే విమర్శకుడు అప్పుడే ఒక మాట అన్నాడు, ఈ టీవీ వల్ల పదికోట్ల మంది జనం మొత్తం మొద్దులైపోతారని. ఆ మాట దేశమంతా పాకిపోయింది, ఇప్పటికీ అక్కడ దాన్ని గుర్తు చేసుకుంటారు. అదే ఏడాది తపాలా శాఖ మంత్రిగా ఉన్న తనకా కకుయెయి (తర్వాత ప్రధానమంత్రి అయ్యాడు, అప్పటికి ఇంకా 39 ఏళ్ళు) ఒక్కసారిగా దేశమంతా పదుల సంఖ్యలో టీవీ స్టేషన్లకి ముందస్తు లైసెన్సులు ఇచ్చేశాడు. ఒకపక్క జనం మొద్దులైపోతారని గోల, ఇంకోపక్క చానెళ్ళు పుట్టుకొస్తున్నాయి, మరి దీనికి మందేంటి అంటే గవర్నమెంటుకి తట్టింది ఏంటంటే, కొన్ని చానెళ్ళకి శాతాలు పెడదాం అని. ఎన్ఈటీ వేసే ప్రోగ్రాముల్లో సగానికి పైగా చదువు ఉండాలి, దానిమీద ఇంకో 30 శాతానికి పైగా సంస్కృతి, విజ్ఞానం ఉండాలి. మరి మిగిలేదెంత? వినోదానికి ఏదో కాస్త.

ఈ చానెల్ ఓనర్లు ఎవరో చూడండి, అక్కడే మెలిక ఉంది. ఒకరు ఓబున్‌షా, పరీక్షల పుస్తకాలు వేసే పబ్లిషరు, వాళ్ళు చదువుల చానెల్ పెట్టడంలో అర్థముంది. ఇంకొకరు తోయె, సినిమా కంపెనీ, కత్తియుద్ధాల సినిమాలు తీసేవాళ్ళు. వీళ్ళతో పాటు వార్తాపత్రికల డబ్బు. తోయెకి కావాల్సింది తన సినిమాలకి, స్టూడియోకి ఒక దారి. పుస్తకాలవాడూ సినిమావాడూ కలిసి పెట్టిన చానెల్‌కి పాఠాలే చెప్పాలని షరతు పెడితే ఏమవుతుందో ఊహించడం కష్టమేం కాదు.

1959 ఫిబ్రవరి 1న మొదలైంది. సుమారు మూడు వారాల ముందే, జనవరి 10న, జపాన్ పబ్లిక్ టీవీ సంస్థ ఎన్‌హెచ్‌కే తన ఎడ్యుకేషన్ చానెల్ మొదలుపెట్టింది. ఎన్‌హెచ్‌కేకి జనం ఫీజు కడతారు, యాడ్స్ అక్కర్లేదు. ఎన్ఈటీకి యాడ్సే తిండి. క్లాసురూములో పిల్లలు చూసే లెక్కల పాఠం మధ్యలో సబ్బు యాడ్ వేయమని ఏ కంపెనీ డబ్బులిస్తుంది, ఇచ్చినా ఏ టీచరు ఒప్పుకుంటుంది? ఆ ఎదురుదెబ్బ ఎంత గట్టిగా తగిలిందంటే రెండేళ్ళు తిరక్కుండానే, 1960 ఆఖర్లో, బయట చెప్పుకునే పేరులోంచి చదువు అన్న మాట తీసేసి ఉత్తి ఎన్ఈటీ టెలివిజన్ అని పిలుచుకోవడం మొదలుపెట్టారు.

శాతాలు మాత్రం అలాగే ఉన్నాయి కదా. అందుకని లేబుళ్ళు మార్చారు. పిల్లల కార్టూన్ వేస్తే అది పిల్లల మనసుకి సంస్కారం నేర్పే చదువు, హాలీవుడ్ సినిమా వేస్తే అది విదేశీ సంస్కృతి పరిచయం, అమెరికా నుంచి వచ్చిన కౌబాయ్ సీరియల్ కూడా అదే లెక్కలోకి. దీన్ని చాలామంది మోసం అంటారు, కాగితం మీద మోసమే, నేను కాదనను. కానీ శాతం అనేది పెట్టినచోటల్లా ఇదే జరుగుతుంది, లెక్క తేలాలి కాబట్టి లెక్క తేలుస్తారు, అంతకుమించి ఆ శాతం వల్ల ఒక్క పిల్లవాడికి ఒక్క అక్షరం ఎక్కువ రాదు.

ఇక్కడ ఆగి ఒక మనిషి గురించి చెప్పాలి, యొదొగావా నగహారు. సినిమా విమర్శకుడు. ఎన్ఈటీలో లారమీ అనే కౌబాయ్ సీరియల్‌కి వ్యాఖ్యానం చెప్పేవాడు, తర్వాత 1966లో విదేశీ సినిమాల ప్రోగ్రాం మొదలైతే (మొదట శనివారం, తర్వాతి ఏడాది నుంచి ఆదివారం రాత్రి) సినిమా ముందూ వెనకా కనపడి దాని గురించి మాట్లాడేవాడు, చివర్లో చెయ్యి ఊపుతూ సయోనారా, సయోనారా, సయోనారా అని మూడుసార్లు అనేవాడు. 1998 నవంబర్‌లో చనిపోయేదాకా అదే పని చేశాడు, 32 ఏళ్ళు. ఎంత చెత్త సినిమా వేసినా అందులో ఏదో ఒక మంచి షాట్, ఒక నటుడి చూపు, ఒక వెలుగు పట్టుకుని దాని గురించి ప్రేమగా చెప్పేవాడు. విదేశీ సంస్కృతి పరిచయం అని కాగితం మీద రాసుకున్న అబద్ధాన్ని ఈయన ఒక్కడు నిజం చేసేశాడు. లైసెన్స్ షరతు వల్ల కాదు, ఆయన వల్ల, ఆయన్ని ఆ కుర్చీలో అన్నేళ్ళు కూర్చోనిచ్చినందువల్ల.

పొద్దున గంటల సంగతి కూడా ఇలాంటిదే. 1964 ఏప్రిల్ 1న, పొద్దున ఎనిమిదిన్నరకి, ఎన్‌హెచ్‌కేలో అనౌన్సర్‌గా చేసిన కిజిమా నొరియోని తెచ్చి మార్నింగ్ షో అని మొదలుపెట్టారు. అమెరికాలో ఎన్‌బీసీ వాళ్ళ టుడే షో చూసి పట్టుకున్న ఐడియా. మొగుడు ఆఫీసుకి, పిల్లలు బడికి వెళ్ళాక ఇంట్లో ఉన్న ఆడవాళ్ళు పనులు చేసుకుంటారు గానీ టీవీ ఎందుకు పెడతారు అన్నది అప్పటి నమ్మకం. పెట్టారు. వార్తలు, వంట, ఇంటర్వ్యూ, ఎక్కడో తప్పిపోయిన మనిషి కోసం వెతుకులాట, అన్నీ ఒకే చోట, మధ్యలో కిజిమా కళ్ళల్లో నీళ్ళు పెట్టుకుంటే ఇంట్లో వాళ్ళూ ఏడ్చేవాళ్ళు. తర్వాతి ఏడాదే ఫుజీ టీవీ అలాంటిదే ఒకటి మొదలుపెట్టింది, ఇక అందరూ మొదలుపెట్టారు, ఇవాళ జపాన్‌లో ఏ చానెల్‌లో పొద్దున చూసినా కనపడే వైడ్ షో అనే రకం మొత్తం అక్కడ్నుంచి పుట్టిందే. మంచా చెడా అన్నదానికి తర్వాత వస్తాను.

తోయె చేతిలో కార్టూన్ స్టూడియో కూడా ఉంది కదా, వాళ్ళ మొదటి టీవీ కార్టూన్ 1963 నవంబర్‌లో ఎన్ఈటీలోనే వచ్చింది, తోడేళ్ళ మధ్య పెరిగిన కెన్ అనే పిల్లవాడి కథ. 1966 డిసెంబర్‌లో శాలీ అనే మంత్రాల పిల్ల వచ్చింది, జపాన్‌లో మంత్రాల అమ్మాయిల కార్టూన్లకి అదే అమ్మమ్మ, తర్వాత 1992లో ఇదే చానెల్‌లో వచ్చిన సెయిలర్ మూన్ దాకా ఆ వంశం నడిచింది. అప్పటిదాకా ఆడపిల్లల కోసం విడిగా కార్టూన్ తీయాలని ఎవరికీ పట్టలేదు. లైసెన్స్ లెక్కలో అది కూడా సంస్కారం నేర్పే చదువే.

1973లో గవర్నమెంటే చేతులెత్తేసింది. చదువుల చానెల్ అన్న లైసెన్స్ రకాన్నే ప్రైవేటువాళ్ళకి తీసేసి ఎన్ఈటీని మామూలు చానెల్‌గా మార్చారు. ఇవాళ టీవీ టోక్యో అంటున్న చానెల్‌ది కూడా ఇదే గతి, అది 1964లో సైన్సు పాఠాల కోసం పుట్టింది, 60 శాతం సైన్సు టెక్నాలజీ చదువులే ఉండాలని షరతు, రెండేళ్ళకే డబ్బుల్లేక ప్రసారం రోజుకి ఐదున్నర గంటలకి కుదించుకుంది. ఆ చానెల్లోనే తర్వాత పోకెమాన్ వచ్చింది. అది వేరే పెద్ద కథ, ఇప్పుడొద్దు.

1975 సంగతి మాత్రం వదల్లేను, ఎందుకంటే ప్రోగ్రాములు ఎందుకు పుడతాయన్న దానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు ఎక్కడా దొరకలేదు. అప్పట్లో ఎన్ఈటీకి ఒసాకాలో జత చానెల్, అంటే ఒకరి ప్రోగ్రాములు ఇంకొకరు వేసుకునే భాగస్వామి, ఎంబీఎస్. కానీ పేపర్ల లెక్కన చూస్తే ఎన్ఈటీ అసాహి పేపర్ వైపు, ఒసాకాలో అసాహి పేపర్ వాళ్ళ చానెల్ ఏబీసీ ఏమో టోక్యోలో పోటీ చానెల్ టీబీఎస్‌తో ఉంది. అడ్డదిడ్డంగా ముడిపడిపోయింది, దీన్ని అక్కడి టీవీవాళ్ళు పేగు మెలిక అనేవాళ్ళు. 1975 మార్చి 31న ఆ మెలిక విప్పి జతలు మార్చేశారు. పేపర్ ఓనర్లకి బానే ఉంది. కానీ 1971 నుంచి శనివారం రాత్రి ఏడున్నరకి పిల్లలు ఊగిపోతూ చూసే కామెన్ రైడర్ అనే ముసుగు హీరో సీరియల్‌ని ఎంబీఎస్ తయారుచేయించేది, ఎంబీఎస్ వెళ్తూ వెళ్తూ దాన్ని కూడా టీబీఎస్‌కి పట్టుకుపోయింది. ఎన్ఈటీకి శనివారం ఏడున్నర ఖాళీ. పిల్లలు టీవీ ముందు కూర్చునుంటారు, వేయడానికి ఏమీ లేదు. అప్పుడు తోయె వాళ్ళు, కామెన్ రైడర్ సృష్టించిన ఇషినొమోరి షోతారోనే మళ్ళీ అడిగి, ఒక హీరో కాదు ఐదుగురు, ఐదు రంగులు, అని గోరెంజర్ చేశారు. 1975 ఏప్రిల్ 5, శనివారం, ఏడున్నర. వారం కూడా ఖాళీ పోనివ్వలేదు.

అదే సూపర్ సెంటాయ్ సిరీస్‌కి మొదలు. 1992లో వచ్చిన అలాంటి ఒక సిరీస్ ఫైట్లు తీసుకుని అమెరికావాళ్ళు తమ నటుల్ని కలిపి 1993లో పవర్ రేంజర్స్ అని వేశారు, అది మన దగ్గరికీ వచ్చింది, ఎరుపు నాది నీలం నీది అని గొడవపడిన పిల్లలు మన ఊళ్ళల్లో కూడా ఉన్నారు. ఒసాకాలో రెండు చానెళ్ళు జతలు మార్చుకోవడం వల్ల, ఒక శనివారం సాయంత్రం ఖాళీ అవడం వల్ల పుట్టిన ఐదు రంగులు అవి. ఏ శాతమూ, ఏ కమిటీ దాన్ని ప్లాన్ చేయలేదు. కానీ ఆ గంట పిల్లలది, దాన్ని పిల్లలకే ఉంచాలి అని ఎవరో అనుకున్నారు, వార్తలో క్విజ్జో పెట్టేసి చేతులు దులుపుకోలేదు. నాకు ఆ నిర్ణయం మీద చాలా గౌరవం.

1977లో పేరు మారి టీవీ అసాహి అయింది. అదే ఏడాది పెద్ద చానెళ్ళ సరసన చేరిపోవాలని మాస్కో ఒలింపిక్స్ హక్కులు ఒంటిచేత్తో కొనేసింది, 1980కి జపాన్ ఆ ఒలింపిక్స్‌నే బహిష్కరించింది, డబ్బు బూడిదలో పోసినట్టయింది. పెద్ద పందెం అలా పోతే, దాంతో పోలిస్తే లెక్కలోకి కూడా రాని ఒక చిన్న పందెం ఏమైందో చూడండి. 1979 ఏప్రిల్ 2న, సాయంత్రం 6.50కి, పది నిమిషాల కార్టూన్, సోమవారం నుంచి శనివారం దాకా రోజూ. డోరేమాన్. ఆరేళ్ళ ముందు, 1973లో, వేరే చానెల్ దాన్ని వేసి ఆర్నెల్లలో ఆపేసింది. ఒక చోట ఓడిపోయిన సరుకుని తెచ్చి, వార్తలకీ రాత్రి ప్రోగ్రాములకీ మధ్య ఎవరికీ అక్కర్లేని పది నిమిషాల్లో పెట్టారు. అన్నం వండుతున్న అమ్మ పిల్లవాడిని కూర్చోబెట్టడానికి సరిగ్గా సరిపోయే పది నిమిషాలు. 1981లో శుక్రవారం రాత్రికి మార్చారు, ఆ రోజువారీ చిన్న స్లాట్ పద్ధతిలోనే అదే ఏడాది సెప్టెంబర్ నుంచి హట్టోరీ వచ్చాడు. ఓయామా నొబుయో డోరేమాన్ గొంతుగా 2005 దాకా, 26 ఏళ్ళు ఉన్నారు. నోబితాని చూసి పిల్లలు సోమరులవుతారని అనేవాళ్ళు ఇక్కడా ఉన్నారు, కానీ ప్రతి ఎపిసోడ్‌లో జరిగేది ఒకటే కదా, వస్తువు దొరుకుతుంది, దాన్ని అత్యాశతో వాడతాడు, అది తిరిగొచ్చి వాడి నెత్తినే పడుతుంది. ఇంతకన్నా నీతిపాఠం ఏ స్కూల్ ప్రోగ్రాం చెప్పగలదు?

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన గంటకి వస్తాను. 1976 ఫిబ్రవరి 2, మధ్యాహ్నం ఒంటిగంటా పావు. తెత్సుకో గది అని పేరు. ఒక సోఫా, పూలు, ఒక గెస్టు, ఎదురుగా కురొయానాగి తెత్సుకో.

ఈ పేరు తెలుగువాళ్ళకి కొత్త కాదు. రైలుబడి పుస్తకం చదివినవాళ్ళకి ఆ తొత్తోచాన్ ఎవరో తెలుసు కదా, ఆవిడే ఈవిడ. ఒకటో తరగతిలోనే బడిలోంచి పంపించేస్తే, పాత రైలు పెట్టెలే క్లాసురూములుగా ఉన్న తొమోయె బడికి వెళ్ళిన పిల్ల. మొదటి రోజు హెడ్మాస్టర్ కొబయాషి గారు ఆ పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని, నీకు చెప్పాలనిపించింది అంతా చెప్పమ్మా అని, నాలుగు గంటలపాటు ఆవులింత కూడా లేకుండా విన్నారు. ఆ పుస్తకం 1981లో వచ్చింది, మన దగ్గర టీచర్లు కూడా ఒకరికొకరు ఇచ్చుకుని చదివిన పుస్తకం అది. చాలామంది తెలుగు పాఠకులకి ఆ పిల్ల పెద్దయ్యాక ఏం చేసిందో తెలీదు. ఆ పిల్ల పెద్దయ్యాక చేసింది అదే పని, ఎదుటివాళ్ళని కూర్చోబెట్టి వినడం. వారంలో ఐదు రోజులు, దశాబ్దాల తరబడి. ఒకే మనిషి నడిపిన టాక్ షోల్లో ఎక్కువసార్లు వచ్చింది ఇదేనని 2011లో గిన్నిస్ వాళ్ళు లెక్క తేల్చారు, 2015 మేలో 10,000వ ఎపిసోడ్, 2025లో 50వ ఏట పడింది.

ఆవిడ పెట్టిన షరతు ఒకటుంది, రికార్డు చేసినా సరే ఎడిటింగ్ చేయకూడదు. లైవ్‌లాగే మొదలుపెట్టి లైవ్‌లాగే ఆపాలి. ఎందుకంటే కత్తిరిస్తే మనిషి మారిపోతాడు, అతను ఆగిన చోటు, తడబడిన చోటు కూడా అతనే. ఇవాళ మన యూట్యూబ్ ఇంటర్వ్యూల్లో నిమిషానికి పది కట్లు, థంబ్‌నెయిల్ కోసం ఏడిపించడాలు చూస్తుంటే ఆ ఒక్క షరతు విలువ ఎంతో నాకు అర్థమవుతుంది. నటులు, రచయితలు, ఆటగాళ్ళు, ఆగస్టు వచ్చిందంటే యుద్ధం కళ్ళారా చూసినవాళ్ళు. 2022 డిసెంబర్ ఆఖర్లో కమెడియన్ తమోరి వచ్చాడు, వచ్చే ఏడాది ఎలా ఉంటుందండీ అని ఆవిడ అడిగితే, కాసేపు ఆలోచించి, కొత్త యుద్ధానికి ముందు రోజుల్లా ఉంటుందేమో అన్నాడు. దేశమంతా ఆ మాట గురించే మాట్లాడుకుంది. వార్తల షోలో ఏ ఎక్స్‌పర్టూ అంత సూటిగా అనలేదు, మధ్యాహ్నం సోఫా మీద ఒక నవ్వించే మనిషి అన్నాడు, ఎందుకంటే అక్కడ ఆయనకి ఆలోచించుకోవడానికి టైమ్ ఇచ్చారు.

ఇదే రోజుల్లో మన దేశంలో ఏం జరుగుతోందో గుర్తు చేసుకోండి. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా సైట్ అనే ప్రయోగం, అమెరికా ఉపగ్రహం అరువు తెచ్చుకుని ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకి టీవీ పాఠాలు, అందులో మన ఆంధ్రప్రదేశ్ పల్లెలు కూడా ఉన్నాయి, తెలుగులో వచ్చేవి. గొప్ప ప్రయత్నం, నేను తక్కువ చేయను. ఏడాది కాగానే ఉపగ్రహం వెనక్కి వెళ్ళిపోయింది. తెత్సుకో గది మాత్రం ఉంది. చదువు చెప్పాలన్న ఉద్దేశం మన దగ్గర నూరు పాళ్ళు ఉంది, అక్కడ ఆ షోకి అలాంటి ఉద్దేశమే లేదు, ఏళ్ళు మాత్రం దానికే దొరికాయి.

అయితే ఖాళీ గంటలన్నీ మంచికే అని చెప్తే అబద్ధం అవుతుంది. పొద్దున షో హిట్టయ్యాక 1965లో మధ్యాహ్నానికి కూడా అలాంటిదే పెట్టారు, ఆఫ్టర్‌నూన్ షో. ఇరవై ఏళ్ళు నడిచింది. 1985 ఆగస్టులో అందులో స్కూలు అమ్మాయిలు ఇంకో అమ్మాయిల్ని కొడుతున్న వీడియో వేశారు, తర్వాత తేలింది ఏంటంటే అది షో డైరెక్టరే పురికొల్పి చేయించింది అని. అక్టోబర్‌లో అతన్ని అరెస్టు చేశారు, షో ఆపేశారు. ఇంట్లో ఒంటరిగా ఉన్న మనిషి కోసం పుట్టిన రకం చివరికి అక్కడికి చేరింది, రోజూ గంట నింపాలి, రోజూ నిన్నటికన్నా ఘాటుగా ఉండాలి, అలా అలా ఎవరో పిల్లల్ని కొట్టించేదాకా. దీన్ని ఏ సాకుతోనూ కడగలేం.

అదే నెలలో, 1985 అక్టోబర్ 7న, అదే చానెల్‌లో న్యూస్ స్టేషన్ మొదలైంది. రాత్రి పది గంటలకి. అప్పుడు పది అంటే డ్రామాలు, వినోదం, ఆ టైమ్‌లో గంటకి పైగా వార్తలు, వారంలో ఐదు రోజులు, అది కూడా యాంకర్ కుమె హిరోషి, అంటే టీబీఎస్‌లో పాటల కౌంట్‌డౌన్ షో చేసిన మనిషి. వార్తల డిపార్ట్‌మెంట్‌వాళ్ళకే మింగుడుపడలేదు. వాళ్ళు పెట్టుకున్న సూత్రం ఒకటే, హైస్కూల్ పిల్లాడికి కూడా అర్థమవ్వాలి. బొమ్మలు, మోడళ్ళు, చెక్కముక్కలు పెట్టి పార్టీల బలాబలాలు, బడ్జెట్లు చెప్పేవాళ్ళు. మొదట్లో ఎవరూ చూడలేదు, తర్వాత 1986 మొదట్లో ఛాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయింది, ఫిలిప్పీన్స్‌లో మార్కోస్ పడిపోయాడు, ఆ రాత్రుల్లో జనం పదింటికి ఆ చానెల్ పెట్టడం మొదలుపెట్టారు, ఇక ఆపలేదు. 2004 మార్చి దాకా, పద్ధెనిమిదేళ్ళు. 1959 నాటి లైసెన్స్ అడిగిన చదువు ఇదే కదా? లైసెన్స్ పోయి పన్నెండేళ్ళయ్యాక వచ్చింది.

దీనికి కూడా మచ్చ ఉంది. 1999 ఫిబ్రవరిలో తొకొరొజావా ఊరి కూరగాయల్లో డయాక్సిన్ విషం అని వేశారు, పాలకూర రైతుల బతుకులు ఒక్క రాత్రిలో తలకిందులయ్యాయి, విషం ఎంతుందో షోలో చూపిన ఆ పెద్ద అంకె వచ్చింది ఆకుకూరల్లోంచి కాదు, టీ ఆకులోంచి. రైతులు కోర్టుకెళ్ళారు, సుప్రీంకోర్టు దాకా పోయి 2003లో వాళ్ళ వైపు తీర్పు తెచ్చుకున్నారు, చివరికి చానెల్ క్షమాపణ చెప్పి డబ్బు కట్టింది. హైస్కూల్ పిల్లాడికి అర్థమయ్యేలా చెప్పాలన్న తొందరలో టీ ఆకుకీ పాలకూరకీ తేడా చెప్పకుండా వదిలేస్తే నష్టపోయేది రైతే.

ఇక షించాన్. 1992 ఏప్రిల్ 13న మొదలైంది, మరుసటి ఏడాదికే రేటింగ్ 28 శాతం దాటింది. జపాన్ తల్లిదండ్రుల సంఘాలు ఏటా ఒక సర్వే చేసేవి, పిల్లలకి చూపించకూడదనుకునే ప్రోగ్రాములు ఏంటని, అందులో షించాన్ ఎప్పుడూ పై వరసలోనే ఉండేది. దాన్ని దాటి 9 ఏళ్ళు వరసగా మొదటి స్థానంలో ఉన్నది లండన్ హార్ట్స్ అనే కామెడీ షో, అదీ ఇదే చానెల్‌ది. మన దగ్గర కూడా 2008లో కేంద్రం అభ్యంతరం చెప్పి షించాన్‌ని ఆపించింది, తర్వాత కత్తిరింపులతో మళ్ళీ వచ్చింది. పిల్లలు పెద్దవాళ్ళని పేరుపెట్టి పిలుస్తున్నారు, ఎదురు మాట్లాడుతున్నారు అని మన ఇళ్ళల్లో ఇప్పటికీ గొడవే. ఆ గొడవ అర్థంలేనిది అనను, ఐదేళ్ళ పిల్లవాడు చూసింది చూసినట్టు చేస్తాడు, కానీ నేను పిల్లలతో కూర్చుని చూసినప్పుడల్లా నాకు కనపడేది ఇంటి లోను కడుతూ సతమతమయ్యే నాన్న, డిస్కౌంట్ సేల్ కోసం పరిగెత్తే అమ్మ, అరుచుకుని మళ్ళీ ఒకే చోట కూర్చుని అన్నం తినే ఇల్లు. పిల్లలకి చూపించే కార్టూన్లలో నాన్న ఈఎంఐ గురించి బాధపడేది ఇంకెక్కడైనా ఉంటే చెప్పండి.

నా అసలు కోపం షించాన్ మీద కాదు, 2019 అక్టోబర్ మీద. డోరేమాన్, షించాన్ ఏళ్ళుగా శుక్రవారం రాత్రి ఏడింటికి, ఏడున్నరకి పక్కపక్కనే వచ్చేవి. వారం అయిపోయింది, రేపు శనివారం, ఇంట్లో అందరూ అన్నాల దగ్గర, అది పిల్లల గంట. దాన్ని తీసేసి డోరేమాన్‌ని శనివారం సాయంత్రం ఐదుకి, షించాన్‌ని నాలుగున్నరకి నెట్టేశారు. శుక్రవారం ఏడింట్లోకి పెద్దవాళ్ళు కూర్చుని కబుర్లు చెప్పుకునే షో వచ్చింది. అప్పటికి ఆ చానెల్ ఎప్పుడూ వెనకబడ్డ నాలుగో చానెల్ కాదు, 2012 ఆర్థిక సంవత్సరంలో మొదటిసారి ప్రైమ్‌టైమ్‌లో మొదటి స్థానం కొట్టింది, పోలీసు డ్రామాలు, డాక్టర్ డ్రామాలతో పెద్ద వయసు వాళ్ళని గట్టిగా పట్టుకుంది. రేటింగ్ లెక్కలో తప్పులేదు, జపాన్‌లో పిల్లలు తగ్గిపోయారు, ఉన్నవాళ్ళ చేతిలో ఫోన్లున్నాయి, టీవీ ముందు మిగిలింది తాతలూ అమ్మమ్మలే. కానీ 1975లో శనివారం ఏడున్నర ఖాళీ అయితే ఐదు రంగులు కనిపెట్టి మరీ ఆ గంటని పిల్లలకే ఉంచిన చానెల్ ఇది. వెనకబడి, డబ్బుల్లేనప్పుడు చేయగలిగింది, మొదటి స్థానంలో ఉండి చేయలేకపోయింది. పిల్లలు తక్కువయ్యారు కాబట్టి వాళ్ళ గంట తీసేయడం అంటే, ఉన్న ఆ కొద్దిమందికి ఇంటి మధ్యలో పెద్దవాళ్ళతో కలిసి చూసేది ఏమీ లేకుండా చేయడమే, ఎవరి గదిలో వాళ్ళు ఎవరి ఫోన్ వాళ్ళు.

మన తెలుగు చానెళ్ళని చూసినా నాకు ఇదే కొలత పనికొస్తుంది. పొద్దున్నే, టీఆర్పీ గురించి ఎవరూ ఆలోచించని టైమ్‌లో, రైతుల కోసం ఈటీవీ అన్నదాత వేసుకుంటూ వచ్చింది, 1996లో మొదలైన పాడుతా తీయగాని బాలు గారు పోయాక చరణ్ గారితో నడుపుతున్నారు. వీటిని ఏ లైసెన్సూ అడగలేదు. కానీ పిల్లల కోసం రోజూ ఒకే టైమ్‌కి, తెలుగులో రాసి, తెలుగులో గీసి, ఇరవై ఏళ్ళు ఆపకుండా వేసింది ఏదైనా ఉందా అంటే నాకు ఒక్కటీ గుర్తురావట్లేదు. డబ్బింగ్ ఆర్టిస్టులు షించాన్‌కి మన యాస, మన చమత్కారం పెట్టి సగం తెలుగువాడిని చేశారు, వాళ్ళకి దండం పెట్టాలి, అంత పనితనం ఉన్నవాళ్ళు మన దగ్గరే ఉన్నారు. సాయంత్రం 6.50కి పది నిమిషాలు చాలు. సీరియల్ మొదలయ్యే ముందు, రోజూ, వారంలో ఆరు రోజులు, మొదటి ఆర్నెల్లు ఎవరూ చూడకపోయినా తీసేయకుండా.